మొక్కల లెక్క సరే, దుప్పి మేత మాటేంటి?

2025 మార్చి నెలాఖరున హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు అట్టుడికిపోయాయి. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. ఆ గొడవలో మనవాళ్లే కొందరు అన్న మాట నాకింకా మింగుడుపడలేదు: "అదేం అడవండీ, ఉత్త తుప్పలు! రెట్టింపు మొక్కలు నాటితే సరిపోతుంది."

ఆ తుప్పల్లోనే చుక్కల దుప్పులు తిరుగుతాయి. వానాకాలంలో లేత గడ్డికి కొదవుండదు. తిప్పలన్నీ ఎండలు ముదిరి గడ్డి మాడిపోయాకే. అప్పుడు రేగుపొదల చిగుళ్లు, రాలిన ఆకులు, పూలు, కాయలే ఆధారం. నల్లమల లాంటి అడవుల్లో అయితే కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని సగం తిని సగం పారేస్తుంటే, కింద దుప్పులు ఏరుకుని తింటాయి. ఇప్పచెట్టు పూలు రాల్చే రోజుల్లో దాని కింద వాటికి పండగే. చెట్లన్నీ ఒకే రకమైతే ఆ చెట్టు పూత అయిపోయాక ఇంకేం తినాలి?

పైగా ఆకుల్లో వగరు ఉంటుంది, కొన్నిట్లో విషమూ ఉంటుంది. అందుకే దుప్పి ఇక్కడో కొరుకు, అక్కడో కొరుకు. సుబాబుల్‌నే తీసుకోండి. దానిలో మైమోసిన్ అనే పదార్థం ఉంది. అలవాటు లేని పశువులు అదే పనిగా మేస్తే వెంట్రుకలు ఊడిపోతాయి. దుప్పి తిని ఊరుకునే రకం కూడా కాదు. ఉసిరికాయ మింగి, తర్వాత ఎక్కడో తీరిగ్గా నెమరేస్తూ గింజను ఉమ్మేస్తుంది. కొత్త ఉసిరిచెట్టుకు అదే విత్తనం.

ఇక్కడ మన పెరట్లో దూరి గులాబీ మొగ్గలు కొరికేసే జింకల్ని చూసి, అవి ఎక్కడైనా బతికేస్తాయనుకుంటాం. మనం తోటకి నీళ్లు పోస్తాం కదండీ! మే నెలలో హైదరాబాద్ దుప్పికి ఎవరు పోస్తారు?

మనం డబ్బు పంపితే అక్కడ మన పేర్ల మీద నాటించే మొక్కలేమో వరుసగా, ఒకే ఎత్తులో, ఫొటోకి ముచ్చటగా ఉంటాయి. రెండేళ్లకి వాటి కింద వయ్యారిభామ కలుపు మొలుస్తుంది. అందుకే ఈసారి చెక్కు రాసేముందు మన తెలుగు సంఘం పెద్దలు ఒకటి అడగాలి: ఎన్ని మొక్కలని కాదు, ఎన్ని రకాలని. అందులో గడ్డి, రేగు, ఇప్ప ఉన్నాయా? వయ్యారిభామ పీకే కూలీలకి డబ్బు కేటాయించారా? జవాబు రాకపోతే ఆ డబ్బు ఉన్న తుప్పల్ని కాపాడే కోర్టు ఖర్చులకి ఇద్దాం.