చెరువూ నీళ్లే, కొల్లేరూ నీళ్లేనట!

"కొల్లేరు గురించి మీకు చెప్పని నిజాలు" అని ఒక మెసేజ్. మా బంధువుల గ్రూపులోకి వచ్చింది, టెన్త్ బ్యాచ్ గ్రూపులోకి వచ్చింది, ఆఖరికి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గ్రూపులోకీ వచ్చింది. పంపినవాళ్లలో చాలామంది కైకలూరు, ఆకివీడు వైపు వాళ్లే, అదీ నా బాధ. ఎక్కడో పుట్టి పెరిగినవాడు నమ్మాడంటే సరే. ఏటా కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లొచ్చే మనిషికేమైంది?

మొదటి వాక్యం: "ఆసియాలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు." రష్యాలోని బైకాల్ సరస్సు ఉన్నది ఆసియాలోనే. పదండి ముందుకి.

రెండోది: "ఉప్పుటేరు తవ్విన కాలువ, కాబట్టి కొల్లేరు సహజమైన సరస్సే కాదు." ఉప్పుటేరంటే కొల్లేటి నీళ్లని సముద్రానికి చేర్చే ఏరు. కొల్లేటికోటని పట్టుకోలేక శత్రుసేన ఉప్పుటేరు తవ్వించి నీళ్లు సముద్రంలోకి దించేసిందన్న కథ నేనూ చిన్నప్పుడు నోరు తెరుచుకుని విన్నాను. ఆ కథ ప్రకారమే చూసినా, దించడానికి అక్కడ ముందే నీళ్లున్నాయి కదండీ!

మూడోది: "రాంసార్ అనే విదేశీ ఒప్పందం కోసం అభయారణ్యం పెట్టి మన భూములు లాక్కున్నారు." అభయారణ్యం వచ్చింది 1999లో, మన 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద. రాంసార్ అంటే చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందం; కొల్లేరు ఆ జాబితాకెక్కింది 2002లో. తర్వాత వచ్చింది ముందటి దానికి కారణమెలా అయిందో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

ఇక అసలు ముక్క. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టింది దీనికే: "చేపల చెరువులో ఉన్నవీ నీళ్లే. సరస్సులో చెరువులు తవ్వితే సరస్సు ఎలా పోతుంది? ఇంకా లోతు పెరుగుతుంది కదా!"

చెరువంటే గట్టు. లోపలి మట్టి తీసి చుట్టూ ఎత్తుగా పోస్తేనే అది చెరువవుతుంది. లోపల చేపపిల్ల వదిలాక ఆ నీటి మట్టం రైతు చేతిలో ఉండాలి. చిల్లులు పొడిచిన గోతాల్లో తవుడు నింపి వరసగా కర్రలకి కట్టి దించుతారు, శీలావతులు, బొచ్చెలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాగేస్తుంటాయి. ఇంత ఖర్చుపెట్టి పెంచుకున్న చేప వరదలో బయటికి పోకూడదు గనక వానాకాలం వస్తోందంటే గట్టు ఎత్తు పెంచుతారు, పైన వల కడతారు. అంటే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు పొంగి కొల్లేట్లోకి వచ్చే నెలల్లో ఆ చెరువు అప్పటికే నిండి, తలుపేసుకుని ఉంటుంది. అది వరద నీళ్లు పుచ్చుకోదు. పైగా దారికి అడ్డం.

కొల్లేరు చేసే పని పుచ్చుకోవడం. వరదని వెడల్పుగా పరుచుకుని పట్టి ఉంచి, తీరిగ్గా ఉప్పుటేరులోకి వదలడం. లెక్క కావాలా? అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క అడుగు నీళ్లు నిలిస్తే 3.3 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ నిండా నిలిచేది 3 టీఎంసీల చిల్లర. ఒక్క అడుగు, ఒక బ్యారేజీ! ఇప్పుడు ఆ 308లో ఎంత భాగానికి గట్లు కట్టేశారో చూసి, ఎన్ని టీఎంసీలు రోడ్ల మీదికీ చేల మీదికీ వస్తాయో మెసేజ్ రాసిన ఇంజినీరుగారు కూడి చెప్పాలి. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగింది బుడమేరు గండ్ల వల్ల, దాన్ని నేను కొల్లేటి నెత్తిన రుద్దను. కానీ ఆ తర్వాత రోజుల్లో ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారి రాకపోకలు ఆగిపోయాయి కదా. లోతు పెరిగిన సరస్సు అప్పుడెక్కడికి పోయింది?

ఇక ఆ చెరువు నీళ్లలో ఏముంటుందో కూడా చూద్దాం. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్, కోళ్ల ఎరువు, తినగా మిగిలిన తవుడు. పట్టుబడి అయ్యాక చెరువు ఖాళీ చేస్తే అదంతా డ్రైన్లోకి, డ్రైన్లోంచి కొల్లేట్లోకి. అందుకే గుర్రపుడెక్క అంత ఏపుగా ఉంటుంది. "చెరువులొచ్చాకే చేపలు పెరిగాయి" అన్నారు. ఐసు పెట్టెల్లో కలకత్తా లారీ ఎక్కే చేపలు పెరిగాయి, నిజమే. మరి కొర్రమీను, ఇంగిలాయి, మార్పు లాంటి కొల్లేటి చేపలో? దోనె వేసుకుని వల తిప్పేవాడికి చెరువు గట్టు మీద కాపలా ఉద్యోగం దొరికింది. దాన్నే మెసేజ్‌లో "ఉపాధి కల్పన" అన్నారు.

"పక్షులు చెరువులకే వస్తున్నాయి" అన్న పాయింటు మాత్రం నేను కొట్టిపారేయను. ఆటపాకలో గూడకొంగలు గూళ్లు పెట్టేది ఒక చెరువులోనే, అదీ అటవీశాఖ వాళ్లు పాతిన ఇనప స్టాండ్ల మీద. చేపను వేటాడే పెద్ద పక్షికి చెరువు బాగానే పనికొస్తుంది. మోకాలి లోతు నీళ్లలో, నాచులో, కిక్కిసలో తిరిగి తినే బాతులకీ ఉల్లంకులకీ నిటారు గట్ల మధ్య ఆరడుగుల నీళ్లలో ఏం దొరుకుతుంది?

"2006లో చెరువులన్నీ కొట్టేశారు, అయినా కొల్లేరు బాగుపడలేదు." ప్రభుత్వం ఆ గట్లకి కొట్టిన గండ్లు వాటంతటవే పూడాయా? రాత్రికి రాత్రి పొక్లెయిన్లు తెచ్చి పూడ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మెసేజ్ కూడా ఫార్వర్డ్ చేసే ఉంటారు.

చివరిది "ఐదో కాంటూరు నుంచి మూడుకి తగ్గిస్తే అందరి సమస్యా తీరిపోతుంది." ఐదో కాంటూరంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత, అభయారణ్యం హద్దు అదే. మూడుకి తగ్గిస్తే 308 కాస్తా 135 అవుతుంది. 2008లో మన అసెంబ్లీ అదే తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది, ఐదే ఉంచమంది. ఉప్పుటేరు వాలు తక్కువ, సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఎగదన్నుతుంది. కొల్లేట్లో నీళ్లు తగ్గేకొద్దీ ఆ ఉప్పు ఇంకా పైకొస్తుంది. వచ్చాక కాంటూరుని మూడు చేసినా రెండు చేసినా మీ చెరువులోనూ ఉప్పే.

అయితే ఒకటి. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములున్నాయి, వేల ఎకరాలు. పట్టా ఉంది, శిస్తు కట్టారు, చేపల సాగు మాత్రం చెయ్యకూడదు. వాళ్లకి పరిహారం సంగతి తేల్చకుండా గీత గీసి పక్షుల బొమ్మలు అచ్చేసుకోవడం అన్యాయమే. చెరువులు తవ్వుకోమని 1970ల్లో సొసైటీలు పెట్టించి ప్రోత్సహించింది కూడా ప్రభుత్వమే. లంక గ్రామాల వాళ్లు కోపంగా ఉన్నారంటే నాకర్థమవుతుంది. విచిత్రమేమిటంటే, అంత పొడుగు మెసేజ్‌లో జిరాయితీ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఎకరాలకెకరాలు లీజుకి తీసుకున్నవాళ్ల బాధే అంతా. రాయించింది ఎవరో అక్కడే తెలిసిపోతోంది.