బొమ్మ పెట్టె మూలన కూర్చున్న ‘3+’ గారికి

అయ్యా,

నమస్కారం. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. బొమ్మల అరల ముందు నిలబడి, పెట్టెను అటూ ఇటూ తిప్పి, చివరికి మీ దగ్గర ఆగి వేళ్ల మీద లెక్కలు వేసుకునే మనిషిని నేనే. సగం మంది పిల్లలకు మావయ్యను, మిగతా సగానికి బాబాయిని. పేర్లన్నీ గుర్తుంటాయి, వయసులే గుర్తుండవు.

ముందు ఒక సందేహం తీర్చండి. మీ 3 అంటే నిండినవా, నడుస్తున్నవా? ఫోన్ చేసి అడిగితే మా చెల్లెలు “ఆదివారానికి మూడో ఏడు వస్తుంది అన్నయ్యా” అంది. నా చెవికి ‘మూడు’ ఒక్కటే ఎక్కింది. బొమ్మ కొని ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే పాపకు నిండేవి రెండే. మీరు అడిగేదేమో 36 నెలలు పూర్తయినవాళ్లను. నలభైకీ నలభై ఒకటికీ తేడా మోకాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు గానీ, రెండుకీ మూడుకీ మధ్య ఏడాది అంటే మాటలా? అప్పుడు మింగలేక కక్కలేక ఉండాల్సి వచ్చింది నాకే.

అసలు తప్పు నాదేలెండి. చాలాకాలం మీరు పిల్లల బుర్రను కొలుస్తారనుకున్నాను. మీరు కొలిచేది గొంతు. బొమ్మల్ని పరీక్షించే చోట ఒక చిన్న గొట్టం ఉంటుంది. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లోతు ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1 మిల్లీమీటర్లు. బొమ్మగానీ, ఊడొచ్చిన ముక్కగానీ నొక్కకుండానే అందులో పూర్తిగా ఇమిడిపోతే, అది మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. మీ వెనకున్న కథ ఇంతే. 8+, 12+ అనే మీ అన్నలు తెలివితేటల్నీ, చేతి నేర్పునూ కాస్త పట్టించుకుంటారు గానీ, మీ దగ్గర గొంతే ప్రధానం. గొంతులో పచ్చి వెలక్కాయ అంటారు చూడండి, అలాంటి వ్యవహారం. వెలక్కాయ మీ గొట్టంలో పట్టదనుకోండి, అది వేరే సంగతి.

ఇది తెలియక జనం మిమ్మల్ని ర్యాంకు కార్డులా చదువుతున్నారు. మా అన్నయ్య ఉన్నాడు. వాళ్లబ్బాయి రెండో పుట్టినరోజుకు నేను డూప్లో ఇటుకలు (ఒకదానికొకటి తగిలించే లెగో ప్లాస్టిక్ ముక్కల్లో పసివాళ్ల రకం) పట్టుకెళ్లాను. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ మామూలు లెగో ఇటుకకు రెట్టింపు కాబట్టి గుటుక్కున మింగడం కుదరదు. అన్నయ్య మొహం చిన్నబోయింది. “మావాడు ఐదేళ్ల పిల్లలాడేవే ఆడతాడురా, వీటితో వాడికి బోర్” అన్నాడు. సంతోషమే. కానీ అన్నయ్యా, తెలివి ముందు పెరిగిందని గొంతు కూడా ముందే పెరగదు కదా. ఈ మాట అక్కడ అనలేదు, భోజనం ఇంకా పెట్టలేదు.

మీ మీద అసలు ఫిర్యాదు ఇది. మీరు పుట్టినరోజు ఎవరిదో వాళ్లనే చూస్తారు. ఎనిమిదేళ్ల అక్కకు అయస్కాంతపు గుళ్ల సెట్టు ఇస్తాం, ఆ గుళ్లు దొర్లేది పాకుతున్న తమ్ముడి దగ్గరికి. ఒకటి కంటే ఎక్కువ మింగితే అవి లోపల పేగు మడతల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని పేగుకే చిల్లు పెట్టగలవు. పాటలు పాడే బొమ్మలో బిళ్ల బ్యాటరీ ఇంకా మొండిది. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కండను కాల్చగలదు. మీరు మాత్రం మూలన హుందాగా కూర్చుంటారు.

ఇంకా విచిత్రం చెప్పనా? నేను అంత జాగ్రత్తగా మిమ్మల్ని చదువుకుని పెట్టె పట్టుకెళ్తే, ఆ ఇంటి గోడల నిండా బెలూన్లు! ఊదనివీ పేలినవీ ఎనిమిదేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చని బెలూన్ల ప్యాకెట్ల మీద హెచ్చరిక వేస్తారు. ఆ ప్యాకెట్టు అప్పటికే చెత్తబుట్టలో ఉంది. పేలిన ముక్కలు సోఫా కింద.

మీ అన్నల సంగతీ కాస్త చూడండి. ‘8–12’ అని రాసి ఉన్న పెట్టెను పదకొండేళ్ల పిల్ల చేతిలో పెట్టాను. ఆ పిల్లకు 12 కనపడలేదు, 8 ఒక్కటే కనపడింది. “థాంక్స్ బాబాయ్” అన్న తీరు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అదే పెట్టె తొమ్మిదేళ్లవాడికిస్తే 12 ఒక్కటే చూసి ఊరంతా చెప్పుకునేవాడు. మధ్యలో ఆరేడేళ్లవాళ్లతో పేచీ లేదు, ఏది ఇచ్చినా అదే ఇంకోటి ఇంట్లో ఉంటుంది, అంతే.

ఇక పద్నాలుగు. మీ అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8124 ప్రకారం 14 ఏళ్ల లోపువాళ్లు ఆడుకునేవే బొమ్మలు. అంటే సరిగ్గా మీ అవసరం మాకు ఎక్కువైన రోజునే మీరు రిటైరవుతారు. “ఏం కావాలిరా?” అంటే మా మేనల్లుడు ఫోన్లోంచి తలెత్తకుండా “ఏదైనా పర్లేదు” అన్నాడు. ఈ ‘ఏదైనా’ ఏ అరలో దొరుకుతుందో మీ పైవాళ్లను కనుక్కుని చెప్పగలరు.

ఇట్లు,
మీ విధేయుడు
(నిండినవి 41)

తా.క.: మొన్న ఏడాది నిండిన మా చిన్న మేనకోడలికి లక్షణంగా ‘12 నెలలు+’ అని రాసి ఉన్న బొమ్మే ఇచ్చాను. దాన్ని పక్కన పడేసి, వాళ్లక్క బొమ్మ తాలూకు ఖాళీ పెట్టెతో గంటసేపు ఆడుకుంది. తర్వాత మూల నమిలేసింది. వేలు పెట్టి తీస్తే నోట్లోంచి వచ్చింది మీరే. 3 దొరికింది. + కోసం ఇంకా వెతుకుతున్నాం.