పన్ను శరీరంలో భాగం కాదు

మొన్న రాత్రి రెండింటికి కుడివైపు కింది దవడ పన్ను సలపడం మొదలెట్టింది. లవంగం నొక్కిపెట్టి, ఎలాగూ నిద్ర రాదు కదా అని హెల్త్ పాలసీ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఈ దేశంలో పాలసీ పూర్తిగా చదివినవాళ్ళంతా పంటి నొప్పి బాధితులే అయ్యుంటారని నా అనుమానం. తెల్లారేసరికి తేలిందేమిటంటే, బళ్ళో మనకి చెప్పిన సైన్సు తప్పు. గుండె, కాలేయం, మోకాలి చిప్ప, ఇవన్నీ శరీరం. పన్ను మాత్రం నోట్లో ఊరికే అద్దెకుంటోంది, దాని మరమ్మతులతో కంపెనీకి సంబంధం లేదు.

అలాగని మరీ రాతిగుండె వాళ్ళేం కాదు. ప్రమాదంలో పన్ను విరిగి ఆస్పత్రిలో చేరితే ఇస్తారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు, పాపం వాళ్ళు పాలసీ చదవలేదు. ఏ రాయన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అనుకోకుండా తగిలిన రాయై ఉండాలి, మనం ఏరి తెచ్చుకున్నది కాకూడదు, పైగా దాని దెబ్బకి 24 గంటలు ఆస్పత్రి మంచం మీద పడుండాలి. మైసూర్‌పాక్ తిని పుచ్చిన పంటికి అంత హోదా ఎక్కడిది! 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ప్రీమియం మీది పన్ను ప్రభుత్వం తీసేసింది, నోట్లో పన్ను మనమే తీయించుకోవాలి.

డాక్టరుగారు ఎక్స్‌రే చూసి "రూట్ కెనాల్ చేద్దామండీ, క్యాప్ ఏది వేయమంటారు?" అని టిఫిన్ సెంటర్ మెనూలాంటి అట్ట ముందు పెట్టారు. మెటల్, సిరామిక్, జిర్కోనియా. జిర్కోనియాకి 15 ఏళ్ళ వారంటీ కార్డు కూడా ఇస్తారట. నాకే అంత వారంటీ లేదండీ అన్నాను. మొత్తం కలిపి 14 వేలు. పంటి బిగువున భరిద్దామంటే బిగించాల్సిన పన్నే అది.

మా బావమరిది హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ ఆస్పత్రికి పొమ్మన్నాడు, లేకపోతే ఏదైనా డెంటల్ కాలేజీకి, అక్కడ చదివే పిల్లలకి కేసులు కావాలి కాబట్టి ఖర్చు తక్కువ. మంచి సలహాయే, వెటకారం కాదు. కాకపోతే నాలుగు సిట్టింగులంటే నాలుగు సెలవులు, ఆఫీసులో నాలుగుసార్లు "మళ్ళీ పన్నేనా?". అయినా అక్కడికే వెళ్తున్నాననుకోండి.

ఇక మందులు. మా ఇంటి ఆర్థికమంత్రి మా నాన్న. బీపీకి, షుగర్‌కి నెలనెలా కొనే మాత్రలకి మా పాలసీ పైసా ఇవ్వదు, అదే ఆస్పత్రిలో పడి లేస్తే ఆ తర్వాత రెండు నెలల మందులకి ఇస్తుంది. అంటే బీపీని అదుపులో పెట్టుకున్నవాడికి సున్నా, పక్షవాతం తెచ్చుకున్నవాడికి బిల్లు పాస్. దీనికి నాన్న కనిపెట్టిన పథకం రోజు విడిచి రోజు వేసుకోవడం. "నెల మాత్రలు రెండు నెలలొస్తున్నాయిరా" అని మిగులు బడ్జెట్ ప్రకటించాడు. ఆ రోజు చూస్తే బీపీ 170, నాదీ పెరిగే ఉంటుంది.

పరిగెత్తుకెళ్ళి జన ఔషధి కేంద్రంలో, అంటే ప్రభుత్వ పథకం కింద చవగ్గా మందులమ్మే కొట్లో, బీపీకి అదే టెల్మిసార్టాన్, షుగర్‌కి అదే మెట్‌ఫార్మిన్ పట్టుకొచ్చాను, పాత బిల్లులో సగం కూడా కాలేదు. ఆయన స్ట్రిప్పు అటూ ఇటూ తిప్పి "ఇంత చవగ్గా వస్తే ఇందులో మందెక్కడుంటుందిరా?" అన్నాడు. 2008 నుంచీ ఉన్నాయి నాన్నా ఈ కొట్లు అంటే వినడే! వంకాయల దగ్గర రెండు రూపాయలకి అరగంట బేరమాడే మనిషి, మాత్ర దగ్గరికొచ్చేసరికి ధర చూసి రోగం భయపడాలంటాడు. చివరికి అమ్మ గుడ్లురిమితే ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాడు.

నా 14 వేల కథ కూడా చెప్పాను. "పీకించి పారెయ్‌రా, ఇంకా 31 ఉన్నాయిగా" అని నవ్వాడు. ఆయనకి పైవరసలో నాలుగే ఉన్నాయి.