‘లిస్టు’ అని వస్తుంది, ‘రిట్రెంచ్‌మెంట్’ అని రాదు

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. రెండేళ్ల కిందట నా దగ్గర ఎంబీఏ హెచ్‌ఆర్ చదివిన అమ్మాయి. ఇప్పుడు ఒక ఐటీ సర్వీసుల కంపెనీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్. “సార్, రేపు పొద్దున పదకొండు మందిని ఒక్కొక్కరినీ కాన్ఫరెన్స్ రూముకి పిలిచి రిజైన్ చేయమని చెప్పాలట. లిస్టు నా చేతికిచ్చారు. టెన్షన్‌గా ఉంది. ఎలా మాట్లాడాలో చెప్పండి” అంది. అడిగింది మాట తీరు గురించే. చట్టం ఊసే లేదు.

ఈ అమ్మాయే సెమిస్టర్ పరీక్షలో పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 25ఎఫ్ మీద పదికి తొమ్మిది తెచ్చుకుంది. నెల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు జీతం, ప్రభుత్వానికి సమాచారం. ఉద్యోగుల్ని తీసేసేటప్పుడు కంపెనీ పాటించాల్సిన ఈ మూడు షరతులూ వరసగా రాసింది. ఆ షరతులు తన చేతిలో ఉన్న కాగితానికి సంబంధించినవేనని మాత్రం ఆమెకు తట్టలేదు. ప్రశ్నపత్రంలో ‘రిట్రెంచ్‌మెంట్’ (సిబ్బందిని తగ్గించుకోవడానికి తీసేయడం) అని ఉంది. మేనేజర్ ‘లిస్టు’ అన్నాడు.

ఇందులో ఆమెకంటే నా తప్పే ఎక్కువ. మన కాలేజీల్లో కార్మిక చట్టాల పేపర్ అంటే చట్టం పేరు, సంవత్సరం, ఉద్దేశాలు, నిర్వచనాలు, జరిమానాలు. ఐదు యూనిట్లు, యూనిట్‌కి రెండు ‘ముఖ్యమైన’ ప్రశ్నలు. ఆఫీసులో ఏ సమస్యా చట్టం పేరు తగిలించుకుని రాదు. ఒక ఈమెయిల్‌గానో, ఎక్సెల్ షీటుగానో, ‘కాస్త మాట్లాడాలి’ అనే మెసేజ్‌గానో వస్తుంది. దాన్ని చూసి ఇది ఫలానా సంగతి అని పోల్చుకోవడం మేం నేర్పడం లేదు.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాలను తమలో కలుపుకున్నాయి. పాఠం చెప్పే తీరు మారడానికి ఇదే అదను అనుకున్నాను. తీరా చూస్తే స్టాఫ్‌రూముల్లో పాత నోట్స్ పక్కన కొత్త గడి గీసుకుంటున్నాం. స్టాండింగ్ ఆర్డర్లకు, అంటే కంపెనీ రాసిపెట్టుకోవాల్సిన ఉద్యోగ నియమాలకు, 100 మంది ఉండేది, ఇప్పుడు 300. ‘వర్కర్’ లెక్కలోకి రావడానికి సూపర్‌వైజర్‌కి జీతం పరిమితి నెలకు 10,000 ఉండేది, ఇప్పుడు 18,000. బట్టీ మళ్లీ బట్టీయే, అంకెలు మారాయంతే.

ఆ రాత్రి ఆ 18,000 అంకే అడ్డం పడింది. “ఆ షరతులు వర్కర్లకే కదా. వీళ్ల జీతాలు అరవై వేలకు పైనే సార్, వర్కర్లు ఎలా అవుతారు?” అంది. తరగతిలో సగం మంది చేసే పొరపాటే ఇది. ఆ పరిమితి సూపర్‌వైజర్ పని చేసేవాళ్లకు మాత్రమే. సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లకు జీతం ఎంతైనా పరిమితి లేదు. పైగా చట్టం హోదా పేరు చూడదు, చేసే పని చూస్తుంది. లిస్టులో ఒకాయన ‘టీమ్ లీడ్’. ఆయన ఎవరికైనా సెలవు మంజూరు చేస్తాడా, ఎవరి పనికైనా రేటింగ్ ఇస్తాడా అని అడిగాను. లేదు, రోజంతా టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులు, క్లోజ్ చేస్తాడట. అలాంటప్పుడు విజిటింగ్ కార్డు మీద ఏముంటే ఏం?

ఈ సంగతి మనసులో పడ్డాక తరగతిలో నేను మొదట బయటికి తీసేది పే స్లిప్. మొత్తం 40,000. బేసిక్ 12,000, హెచ్‌ఆర్‌ఏ 16,000, కన్వేయన్స్ 8,000, స్పెషల్ అలవెన్స్ 4,000. కొత్త కోడ్ ప్రకారం ఇందులో వేతనం ఎంత అని అడిగితే అందరూ “12,000” అంటారు. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ మినహాయింపు జాబితాలో ఉన్నాయి, నిజమే. రెండూ కలిపితే 24,000. కానీ మినహాయింపులు మొత్తంలో సగం, అంటే 20,000 దాటితే, దాటిన మేరకు మళ్లీ వేతనంలో కలపాలి. ఆ 4,000 ఇటొచ్చింది. మరి స్పెషల్ అలవెన్స్? జాబితాలో దాని పేరు వెతకమంటాను. దొరకదు. ఆ 4,000 కూడా ఇటే. మొత్తం 20,000.

అయిదేళ్లు చేసి మానేసిన మనిషి గ్రాట్యుటీ లెక్క అప్పుడు వేయిస్తాను. వేతనాన్ని 15తో గుణించి 26తో భాగించి, ఏళ్లతో గుణించాలి. 12,000 మీద 34,615 రూపాయలు, 20,000 మీద 57,692. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి ఒక కుర్రాడు “సార్, మా నాన్న మొన్ననే రిటైరయ్యారు, ఆయన స్లిప్ తేవచ్చా?” అన్నాడు. నాలుగు వారాల నిర్వచనాల పాఠంలో ఆ కుర్రాడు నోరు విప్పగా నేను చూడలేదు.

మిగతావి కూడా ఇలాగే కాగితాల్లోంచే వస్తాయి. చాలా కంపెనీల ఎగ్జిట్ పాలసీలో ‘ఫుల్ అండ్ ఫైనల్ (మానేసినవాళ్ల బాకీల ఆఖరి లెక్క) 45 రోజుల్లో’ అని ఉంటుంది. వేతనాల కోడ్ సెక్షన్ 17 రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలంటుంది. పాలసీని, సెక్షన్‌నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే విడిగా పాఠం అక్కర్లేదు. ‘మాది ఐటీ, షాప్స్ యాక్ట్ (దుకాణాలు, సంస్థల చట్టం) మాకు వర్తించదు’ అనే మాట హైదరాబాద్‌లో వేదవాక్కులా చలామణీలో ఉంది. ఐటీకి ఇచ్చింది కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపే. 1988 నాటి ఆ చట్టం నుంచి పూర్తిగా విడుదల కాదు. కోడ్‌లు వచ్చినా అది రాష్ట్ర చట్టంగా అలాగే ఉంది.

ఇదంతా చెబితే, మీరు హెచ్‌ఆర్‌లను తయారుచేస్తున్నారా, యూనియన్ లీడర్లనా అని తోటి అధ్యాపకుడు ఒకరు నవ్వారు. నేనూ నవ్వాను. బలవంతంగా రాయించుకున్న రాజీనామాను కోర్టు తొలగింపుగానే చూస్తే, షరతులు పాటించని ఆ తొలగింపు చెల్లకపోతే, నష్టపోయేది కంపెనీ కూడా. ఆ ముక్క ముందుగా చెప్పగలిగిన హెచ్‌ఆర్ ఎవరి మనిషి అనుకోవాలి?

ఇక ఆ అమ్మాయి. ఎలా మాట్లాడాలో నేను చెప్పలేదు. మేనేజర్‌ని ఒకటే అడగమన్నాను: ఈ పదకొండు మంది వాళ్ల వాళ్ల విభాగాల్లో ఆఖరున చేరినవాళ్లేనా? చివర చేరినవారిని ముందు తీయాలి, అలా చేయకపోతే కారణం రాసిపెట్టాలి అనేది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. పొద్దున అడిగిందట. మేనేజర్ కాసేపు ఆమె వైపు చూసి, లిస్టు వెనక్కి తీసుకుని, లీగల్ వాళ్లతో మాట్లాడతానన్నాడట. మూడు వారాల తర్వాత ఎనిమిది మందికి నోటీసు జీతం, పరిహారం ఇచ్చి పంపారు. ముగ్గుర్ని వేరే ప్రాజెక్టులో వేశారు. ఆమె అప్రైజల్‌లో మాత్రం ‘బిజినెస్‌ని అర్థం చేసుకోవాలి’ అని రాశారు.

ఈసారి ప్రశ్నపత్రంలో ‘రిట్రెంచ్‌మెంట్’ అనే మాట తీసేశాను. పదకొండు పేర్లు, చేరిన తేదీలు, చేసే పని, జీతం ఇచ్చి, ‘రేపు వీళ్లతో రాజీనామా చేయించమని మీ మేనేజర్ చెప్పారు, మీరేం చేస్తారు?’ అని అడిగాను. దిద్దడం మొన్ననే ముగిసింది. అరవై మందిలో ముప్ఫై ఎనిమిది మంది ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఎంత మర్యాదగా చేయాలో రాశారు.