సవరణ: వైశ్యుల్లో మత్తుమందు సమస్య, బీసీహెచ్ఈ జన్యువు

వైశ్యుల్లో కొందరికి ఉండే బీసీహెచ్ఈ జన్యులోపం గురించి గత పోస్టులో ‘ఈ జన్యులోపం ఉన్నవాళ్లకు మత్తుమందే పడదు’ అని ఉంది. అది సరికాదు. ఇబ్బంది ప్రధానంగా రెండు మందులతో: స్కోలిన్ (సక్సినైల్‌కోలిన్), మైవాక్యూరియం. ఇవి మత్తు ఇచ్చేవి కావు, కండరాలను సడలించేవి.

మూడో క్రోమోజోముపై ఉన్న బీసీహెచ్ఈ జన్యువు నుంచి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము తయారవుతుంది. కాలేయంలో పుట్టి రక్తంలో తిరిగే ఈ ప్రోటీనే స్కోలిన్‌ను నిమిషాల్లో విరిచేస్తుంది. వైశ్యుల్లో గుర్తించిన ఒక మార్పులో ఎంజైములోని 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ వస్తుంది. ఎంజైము దాదాపు పనిచేయదు. స్కోలిన్ ఇచ్చాక పది నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి గంటలు గడిచినా రాదు. అప్పుడు చేయాల్సింది వెంటిలేటర్ కొనసాగించడం, మత్తు ఆపకపోవడం. ఇది చాలా ముఖ్యం: మత్తు దిగితే రోగికి అన్నీ తెలుస్తుంటాయి, వేలు కూడా కదపలేడు.

గత పోస్టులోని ‘డిబుకైన్ నంబరు చాలు’ అన్న మాటా మార్చాలి. డిబుకైన్ అనే మందు ఈ ఎంజైమును ఎంత శాతం అడ్డుకుంటుందో చెప్పేదే ఆ నంబరు. ఎంజైము పనే లేనప్పుడు ఆ నంబరుకు అర్థం లేదు. ముందు రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయి చూడాలి. పురుగుమందుల ప్రభావం, కాలేయ జబ్బు, గర్భం వల్ల కూడా అది తగ్గుతుంది కాబట్టి ఒక్క రిపోర్టుతో జన్యులోపమని తేల్చకూడదు.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తేనే తీవ్రత. ఒకరికి బయటపడితే తోబుట్టువులకూ పరీక్ష చేయించండి, ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పండి. స్కోలిన్ బదులు రోక్యూరోనియం అనే మరో కండర సడలింపు మందు వాడొచ్చు. దాని ప్రభావాన్ని సుగామడెక్స్ అనే విరుగుడు మందు పోగొడుతుంది.