గుంపు మేస్త్రీని క్యూరేటర్ అని పిలవాలి

తట్టా పారా పట్టిన ప్రతి మనిషినీ ఇకపై సమకాలీన కళాకారుడిగా గుర్తించాలని, గుంపు మేస్త్రీకి క్యూరేటర్ (కళాప్రదర్శనను తీర్చిదిద్ది నడిపించే పెద్దమనిషి) హోదా ఇవ్వాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను. ఆవేశంలో అంటున్న మాట కాదిది. ప్రపంచ కళాచరిత్ర కొంత చదివాకే అంటున్నాను.

2002లో ఫ్రాన్సిస్ అలీస్ అనే బెల్జియం కళాకారుడు పెరూ వెళ్లాడు. లిమా నగర శివారులో సుమారు 500 మందికి పారలిచ్చి, ఒక పెద్ద ఇసుక దిబ్బ మీద వరుసగా నిలబెట్టాడు. అందరూ కలిసి తవ్వుకుంటూ పోతే దిబ్బ ఓ 10 సెంటీమీటర్లు జరిగిందట. ఎక్కువ శ్రమ, తక్కువ ఫలితం. ఆ కళాఖండం సూత్రమే అది. వచ్చినవాళ్లంతా వాలంటీర్లు, కూలి లేదు. వీడియో తీశారు, లోకమంతా చూసి మెచ్చుకుంది.

ఇక మనవాళ్ల సంగతి. పాలమూరు లేబర్ పోని డ్యామ్ లేదు, తవ్వని కాలువ లేదు. అడ్వాన్స్ తీసుకుని, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి, మేస్త్రీ వెంట లారీ ఎక్కి వెళ్లి ఎక్కడెక్కడి గుట్టలో జరిపి వచ్చారు. ఎవరూ టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలవలేదు. తప్పు మాత్రం వాళ్లదే. వీడియో తీయించుకోలేదు. చేసిన పనికి ఓ పేరు పెట్టుకోలేదు. అన్నిటికన్నా ఘోరం, ఫలితం చూపించారు! డ్యాములు నిండాయి, ఎవరివో పొలాలు పచ్చబడ్డాయి. అలా ఫలితం వచ్చేస్తే అది కళ ఎట్లా అవుతుంది? ఉత్త కూలి పని అవుతుంది.

అలీస్ సూత్రం అసలు ఒంటబట్టింది మన పాలకులకు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన జరిగింది. పదేళ్లు దాటినా ఆయకట్టు రైతు ఇంకా కాలువ వైపే చూస్తున్నాడు. ఇంత సుదీర్ఘమైన ప్రదర్శన లిమా వాళ్ల వల్ల అవుతుందా?

ఉపాధి హామీలోనూ కళాదృష్టి తక్కువేం కాదు. మస్టర్ (హాజరు పట్టీ) కోసం పని దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే, తవ్విన గుంత కళ్ల ముందున్నా పని జరగనట్టే. డాక్యుమెంటేషన్ మీద ఇంత నిక్కచ్చి సిద్ధాంతం ఏ గ్యాలరీకీ ఉండదు.

1992లో రిర్‌క్రిత్ తిరవనిజ అనే థాయ్ కళాకారుడు న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీలో థాయ్ కూర వండి, అన్నంతో కలిపి వచ్చినవాళ్లకు ఉచితంగా పెట్టాడు. వండటం, తినడం, కూర్చుని ముచ్చట పెట్టుకోవడమే కళాఖండం. అది తర్వాత న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా సొత్తయింది. ఆ లెక్కన బగారా అన్నం, మటన్ కూరతో బంతి మీద బంతి లేచే మా నల్లగొండ దావతులకు ఊరికో మోమా కట్టాలి. కాకపోతే మావాళ్లు కళాఖండాన్ని కడిగి, మర్నాడు పొద్దున్నే టెంట్ హౌస్‌కు వాపస్ ఇచ్చేస్తారు.

జర్మనీలో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు 1982లో 7,000 ఓక్ మొక్కల పని మొదలుపెట్టాడు. ప్రతి మొక్క పక్కన ఒక రాయి. మన దగ్గర కొన్నిచోట్ల రాయి ఒక్కటే మిగిలింది, దాని మీద ఎమ్మెల్యే గారి పేరుతో.

అమెరికా కళాకారిణి మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్ దగ్గర మాత్రం నా వెటకారం పనిచేయడం లేదు. 1979–80లో ఆమె న్యూయార్క్ పారిశుధ్య కార్మికులు సుమారు 8,500 మందిని వెతుక్కుంటూ వెళ్లి, ఒక్కొక్కరితో చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు థాంక్స్ చెప్పింది. మనమూ ఏం తక్కువ తినలేదు. సఫాయి కార్మికులకు శాలువాలు కప్పాం, కరోనా రోజుల్లో కాళ్లు కూడా కడిగాం. పంచాయతీలో నెలల తరబడి రాని జీతం కోసం వాళ్లు ధర్నాకు కూర్చున్నప్పుడే ఆ దారిన పోవడం మానేశాం.

రేపు దేవరకొండ వైపో అచ్చంపేట వైపో ఓ కళాకారుడు దిగి, జనంతో కలిసి చెరువు పూడిక తీయిస్తూ, దానికి ‘శ్రమ ఒక సంభాషణ’ అని పేరు పెడతాడనుకుందాం. మనవాళ్లు కాదనరు. పారలు వాళ్లే తెచ్చుకుంటారు, ఆయనకు చాయ్ కూడా పోస్తారు. కాకపోతే ఎండ నెత్తిమీదికి వచ్చే యాళ్లకు ఎవరో ఒక పెద్దమ్మ తట్ట దించి అడిగి తీరుతుంది.

"సారూ, అంతా మంచిగనే ఉంది గని, మస్టర్ల మా పేర్లు ఎక్కిచ్చినవా లేదా?"