మాత్ర ఆపి యాప్ పెట్టుకోమనే మహానుభావులకు

మళ్ళీ వచ్చింది. మొన్న పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, ఇవాళ చుట్టాల గ్రూపులో. "డిప్రెషన్‌కు మాత్రలు వద్దు, అలవాటైపోతాయి. రోజూ పది నిమిషాలు ధ్యానం యాప్ చాలు. మాత్రతో సమానమని అమెరికాలో రుజువైంది. సైడ్ ఎఫెక్టులు సున్నా. మన ఋషులు ఎప్పుడో చెప్పారు. ఇవాళే మాత్ర ఆపండి, పది మందికి పంపండి." కింద తామరపువ్వు, నాలుగు దండాలు.

ఋషులు చెప్పారు, సంతోషం. నెలనెలా చందా మాత్రం అడగలేదు.

సైడ్ ఎఫెక్టులు సున్నా కాదు. మనసులో పాత గాయాలున్న కొందరికి కళ్ళు మూసుకుని కూర్చుంటేనే కంగారు పెరుగుతుంది.

అమెరికా రుజువు సంగతి. 2022 నవంబరులో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది, 276 మంది మీద. జబ్బు ఆందోళన, అంటే యాంగ్జైటీ. డిప్రెషన్ కాదు. యాప్ కూడా కాదు: ఎదురుగా గురువు, ఎనిమిది వారాలు, వారానికి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన. అది మన గ్రూపుకు చేరేసరికి పది నిమిషాలైంది. ఇంకో రెండు గ్రూపులు దాటితే రెండు నిమిషాలవుతుందేమో.

ఇక "ఇవాళే మాత్ర ఆపండి". నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మా పెద్దమ్మ కూతురు ఇలాంటి మెసేజే నమ్మి ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా మానేసింది. రెండు మూడు రోజులకే లేచి నిలబడితే కళ్ళు తిరగడం, తల తిప్పితే కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం. అది మాత్ర ఉన్నట్టుండి ఆపినందుకని తెలియక, జబ్బు తిరగబెట్టిందని హడలిపోయింది. ఫోనేమో "శ్వాసను గమనించండి" అంటోంది! ఈ మాత్రలకు నిద్రమాత్రల్లాంటి వ్యసనం ఉండదు. కానీ ఒంటికి అలవాటైన మందును మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పినట్టు. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో, మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చి కోలుకున్న 424 మందిలో సగం మందికి ధ్యానం క్లాసులు పెట్టి, మాత్ర తగ్గించుకోవడానికి సాయం చేశారు. మిగతావాళ్ళు మాత్రే కొనసాగించారు. రెండేళ్ళలో తిరగబెట్టింది ధ్యానం వాళ్ళలో 44 శాతానికి, మాత్ర వాళ్ళలో 47 శాతానికి. అంటే దాదాపు సమానమే. ధ్యానానికి అంత గట్టి రుజువున్నచోట కూడా "ఇవాళే ఆపండి" అని ఎవరూ అనలేదు.

పైగా మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకం మీద 2019లో ఒక అధ్యయనం వచ్చింది. దించుకున్న ముప్పయ్యో రోజున సగటు యాప్‌ను తెరిచేవాళ్ళు వందలో ముగ్గురో నలుగురో. మంచం దిగడమే గగనమైన మనిషి యాప్ తెరవలేదని, చివరికి ఆ తప్పూ ఆ మనిషి మీదే వేస్తారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కు రోగి కోరితే తప్ప ముందే మాత్ర రాయొద్దని, చికిత్సలపై సలహాలిచ్చే బ్రిటన్ నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలే అంటున్నాయి. అక్కడ చెప్పిన చికిత్సల్లో గ్రూపుగా చేసే ధ్యానమూ ఉంది. మన దగ్గర ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపేసే డాక్టర్లున్నారు, వాళ్ళ మీద జనానికి కోపం రావడం న్యాయమే. మాత్ర వేసుకుంటూ యాప్ పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, మా అక్క ఇప్పుడు చేస్తున్నదీ అదే. మాత్ర తగ్గించాలనుంటే రాసిన డాక్టరునే అడగండి. ఆయన దొరకకపోతే, లేదా మనసు మరీ బరువెక్కితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.